పదికి పది ఇవ్వమన్నారు: నాలుగేళ్ల తొమ్మిది నెలల షోరూం అనుభవం

"సార్, రేపు కంపెనీ నుంచి ఫోనొస్తుంది, పదికి పది ఇవ్వండి సార్. తొమ్మిది ఇచ్చినా మాకు సున్నా కిందే లెక్క."

కారు కొన్న దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఈ మాట నేను షోరూం వాళ్ల నోట తక్కువలో తక్కువ పదిసార్లు విన్నాను. డెలివరీ రోజు విన్నాను, మొదటి ఫ్రీ సర్వీస్‌కి విన్నాను, ఆఖరికి బుడమేరు వరదలో మునిగిన కారుని 71 రోజులు వాళ్ల దగ్గర పెట్టుకుని బురదతో సహా నాకు తిరిగిచ్చిన రోజు కూడా విన్నాను. అందుకని ఆ పదికి పది సంగతేంటో ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా, ఫోన్లో అంత టైం ఇవ్వరు కదా.

ముందే చెప్పేస్తా, కారు పేరు, షోరూం పేరు రాయట్లేదు. విజయవాడలో హైవే పక్కన వరసగా ఉన్న షోరూముల్లో అదొకటి, అంతే. నాతో కారు కొన్న ముగ్గురు ఫ్రెండ్స్ మూడు వేరే కంపెనీల కార్లు కొన్నారు, వాళ్ల దగ్గరా ఇవే కథలు, పేర్లే తేడా. ఇంకో సంగతి, ఇది కారు మీద రివ్యూ కాదు. కారు మంచిదే. 1.2 లీటర్ పెట్రోల్, ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది, నాది గుంటూరులో ఉద్యోగం కాబట్టి వారానికి మూడు నాలుగు రోజులు కాజ టోల్‌గేట్ దాటాల్సిందే. హైవే మీద 18 దాకా ఇస్తుంది, బెంజి సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఇరుక్కుంటే మాత్రం మైలేజీ గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

2021 ఫిబ్రవరిలో కొన్నాను. కొనేటప్పుడు మర్యాదలు ఎలా ఉంటాయో కొన్న ప్రతివాళ్లకీ తెలుసు, కొత్త అల్లుడికి కూడా అంత జరగదు. కాఫీ, బిస్కెట్లు, మా అమ్మాయికి బెలూన్, మా ఆవిడకి "మేడమ్ మీకు ఏ కలర్ ఇష్టం". తీరా కొటేషన్ చేతికొచ్చాక చూస్తే అందులో హ్యాండ్లింగ్ చార్జీలని 6,500 ఉంది. ఏంటండీ ఇది అంటే స్టాక్‌యార్డ్ నుంచి షోరూంకి తెచ్చే ఖర్చు అన్నారు. ఎక్స్ షోరూం ధర అంటేనే షోరూంలో నిలబెట్టిన కారు ధర కదా, మళ్లీ షోరూంకి తేవడానికి నేనెందుకు ఇవ్వాలి? పావుగంట వాదించా, లాభం లేదు. చివరికి విసుగొచ్చి "సరే ఇస్తా, రశీదు మీద హ్యాండ్లింగ్ చార్జీలు అని రాసి స్టాంపు వేసివ్వండి" అన్నా. లోపలికెళ్లాడు, ఐదు నిమిషాలకి వచ్చాడు, "మీకోసం మేనేజర్ గారితో మాట్లాడి తీసేయించాను సార్" అన్నాడు. అప్పుడు అదేదో నా అదృష్టం అనుకున్నా. అందులో ఉన్న కిటుకు నా బుర్రకెక్కడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పడిపోయాను. అదే కవరేజీ బయట తొమ్మిది వేలు తక్కువకి వస్తుంటే "బయట తీసుకుంటే మా దగ్గర క్యాష్‌లెస్ కాదు సార్" అని భయపెట్టారు. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా వర్క్‌షాప్‌కి కట్టడం, అనేది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఆ వర్క్‌షాప్‌కీ మధ్య ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, పాలసీ ఎవరి చేత కట్టించామన్నదాన్ని బట్టి కాదు. తర్వాత తెలిసింది. ఆ రోజు ముహూర్తం పదిన్నరకి, మా నాన్నగారు షోరూంలో కూర్చుని నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నారు, దుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించాలి, ఇంక ఏం వాదిస్తాం. సంతకం పెట్టేశా. ముహూర్తం పెట్టుకుని షోరూంకి వెళ్లకండి, వెళ్లినా వాళ్లకి చెప్పకండి.

తర్వాత ఆర్‌సీ చేతికొచ్చాక చూస్తే తయారైన నెల 2020 అక్టోబర్ అని ఉంది. "నిన్ననే దిగిన స్టాక్ సార్" అన్న బండి. నాలుగు నెలలు పెద్ద విషయం కాకపోవచ్చు కానీ అమ్మేటప్పుడు కొనేవాడు తయారీ సంవత్సరమే చూస్తాడు, 2021 బండి కాస్తా 2020 బండి అయిపోతుంది. ముందే అడిగుంటే దానికి పదివేలో పదిహేనువేలో తగ్గించేవాళ్లు, నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఫ్రీ సర్వీసుల గురించి ఎక్కువ రాయను. ఫ్రీ అంటే లేబర్ మాత్రమే ఫ్రీ, ఆయిల్, ఫిల్టర్లకి డబ్బులు మనవే, అది అందరికీ తెలిసిందే, న్యాయమే. నాకు కాలేది ఎక్కడంటే ఏడాది నిండని బండికి ఇంజిన్ డీకార్బనైజేషన్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ డిస్ఇన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ అని ఎస్టిమేట్‌లో వరసగా టిక్కులు పెట్టేసి సంతకం కోసం ముందుకు తోయడం. ఓనర్స్ మాన్యువల్ డాష్‌బోర్డ్ డబ్బాలోనే ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లకి ఏం మార్చాలో అందులో పట్టిక ఉంటుంది, ఆ పేజీ తెరిచి సర్వీస్ అడ్వైజర్ ముందు పెడితే బిల్లు సగానికి దిగుతుంది. నాకు ఒకసారి 9,400 ఎస్టిమేట్ 5,100కి దిగింది. గొడవేం పడలేదు, "ఇందులో లేదు కదండీ" అన్నాను, అంతే.

అసలు కథ చప్పుడుతో మొదలైంది.

2022 జనవరిలో ముందు ఎడమ చక్రం దగ్గర టక్, టక్ అని చప్పుడు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు, గుంటలో పడినప్పుడు, అది కూడా అద్దాలు దించితేనే వినిపిస్తుంది. ఏలూరు రోడ్డు మీద రెండుసార్లు తిరిగితే ఎవరికైనా వినపడుతుంది. మూడో ఫ్రీ సర్వీస్‌కి ఫిబ్రవరిలో ఇచ్చినప్పుడు చెప్పాను. అడ్వైజర్ తలూపాడు. సాయంత్రం బండి తీసుకుంటే "చూశాం సార్, జనరల్ నాయిస్, ఈ మోడల్‌కి అంతే" అన్నాడు. జూన్‌లో మళ్లీ వెళ్లాను. అడ్వైజర్ మారాడు. ఈయన "చిన్న బోల్ట్ లూజ్ అయ్యింది, టైట్ చేశాం" అన్నాడు. గేటు దాటి రోడ్డెక్కేలోపే టక్కుమంది. అక్టోబర్‌లో మూడోసారి. ఇంకో అడ్వైజర్. ఈయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లాడు, ఏసీ ఫుల్లు, పాటలు ఆన్, అద్దాలు పైకి. "ఎక్కడ సార్, ఏం రావట్లేదే" అన్నాడు. పాటలు ఆపండి బాబూ అంటే కొత్తగా వేసిన తారు రోడ్డు మీదకి తిప్పాడు.

వారంటీ రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరిలో రెండేళ్లు అయిపోయాయి. మార్చిలో పెయిడ్ సర్వీస్‌కి ఇస్తే మధ్యాహ్నం ఫోన్: "సార్, ముందు ఎడమవైపు స్టెబిలైజర్ లింక్ రాడ్ పోయింది, స్ట్రట్ మౌంట్ కూడా పోయింది, లేబర్‌తో కలిపి 5,800 అవుతుంది, చేసేయమంటారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చప్పుడు వాటిదే, పద్నాలుగు నెలలుగా అదే కదయ్యా చెప్తోంది! పర్మిషన్ పెట్టి వెళ్లాను. సర్వీస్ మేనేజర్ చాలా మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు, కంప్యూటర్‌లో నా బండి హిస్టరీ తెరిచి స్క్రీన్ నావైపు తిప్పాడు. ఫిబ్రవరి జాబ్ కార్డ్, అంటే బండికి ఏం పని చేయాలో రాసుకునే కార్డు: జనరల్ చెకప్. జూన్: వాషింగ్, జనరల్ చెకప్. అక్టోబర్: జనరల్ చెకప్, వీల్ అలైన్‌మెంట్. చప్పుడు అన్న ముక్క ఎక్కడా లేదు. "మీరు కంప్లయింట్ చేసినట్టు రికార్డ్ లేదు సార్, ఉంటే వారంటీలో పెట్టేవాళ్లం" అన్నాడు. అబద్ధం కూడా కాదు, నిజంగానే లేదు. మూడుసార్లు నేను నోటితో చెప్పాను, మూడుసార్లు వాళ్లు తలూపారు, మూడు కార్డుల మీదా నేను చదవకుండా సంతకం పెట్టాను.

ఆ రోజు కింద రిపేర్లు చేసే బే దగ్గర నిలబడి ఉంటే, పాత లింక్ రాడ్ విప్పుతున్న కుర్రాడు, పాతికేళ్లు కూడా ఉండవు, అటూ ఇటూ చూసి మెల్లిగా చెప్పాడు. "అన్నా, కార్డులో ఏం రాస్తే మాకు అంతవరకే టైం ఇస్తారు. రాయని పని చేస్తే ఆ టైం మా లెక్కలోంచి పోతుంది. మీరు ఎవరికి చెప్పినా కార్డులో ఎక్కించుకోండి." ఈ నాలుగేళ్లలో ఆ బిల్డింగ్‌లో నాకు పనికొచ్చే మాట చెప్పిన మనిషి ఆ అబ్బాయి ఒక్కడే. పైన ఏసీ గదిలో కూర్చున్న అడ్వైజర్‌కి రోజుకి పదిహేను ఇరవై బళ్లు, పైగా ఆ డీకార్బనైజేషన్లు అమ్మాలని టార్గెట్లు. మన చప్పుడు రాసుకుంటే ఆయనకి పని పెరుగుతుంది తప్ప పైసా రాదు, ఎందుకు రాస్తాడు?

5,800 కట్టాను. సాయంత్రం ఫోన్, పదికి పది ఇవ్వండి సార్.

రాతలో ఉంటేనే లెక్క, హ్యాండ్లింగ్ చార్జీల కిటుకు కూడా అదేనని అప్పుడు బుర్రకెక్కింది. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. బండి ఇచ్చేటప్పుడు కంప్లయింట్‌ని నా మాటల్లోనే టైప్ చేయిస్తాను, "స్పీడ్ 20 దగ్గర, ఎడమ ముందు, అద్దం దించితే" అని. టైప్ చేసింది చదివి, ఫోన్‌తో ఫొటో తీసుకుని, అప్పుడు సంతకం. కిలోమీటర్ రీడింగు, పెట్రోల్ ముల్లు ఫొటో. మొదట్లో "ఎందుకు సార్ ఇవన్నీ, మా మీద నమ్మకం లేదా" అని నవ్వేవాళ్లు. లేదండీ అని నేనూ నవ్వేవాణ్ణి.

ఇక వరద. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మాది సింగ్‌నగర్ పైపులరోడ్డు దగ్గర అపార్ట్‌మెంట్, కార్లన్నీ సెల్లార్లో. పొద్దున లేచేసరికి రోడ్డు మీద నీళ్లు, బుడమేరు పొంగిందంటున్నారు, గంటలోపు సెల్లార్ మెట్ల మీదకి వచ్చేశాయి. నేను మెట్ల దాకా దిగి చూసేసరికి నా కారు సగం అద్దాల వరకు నీళ్లలో ఉంది. అంతకుముందే మా పక్క ఫ్లాట్ అన్నయ్య తన కారుని ఎలాగైనా పైకి తెద్దామని మోకాలి లోతు నీళ్లలో ఉండగానే స్టార్ట్ చేశాడు. ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోతే పిస్టన్ వాటిని నొక్కలేదు, గాలిలా నీళ్లు కుదించుకోవు కదా, లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయన పాలసీలో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్, అంటే ఇలా ఇంజిన్ పాడైతే డబ్బిచ్చే అదనపు కవరేజీ, లేదు. ఆ ఒక్క తాళం తిప్పుడు ఆయనకి లక్షన్నర పైన ఖర్చు. మునిగిన బండిని ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయకండి, కుదిరితే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి వదిలేయండి, ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి. నేను బండి ముట్టుకోలేదు, తెలివితో కాదు, సెల్లార్లోకి దిగే దారి లేక.

ఆ వారం ఎలా గడిచిందో ఇక్కడ రాయను, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా పడవల మీద వచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు, రానివాళ్లకి చెప్పినా అర్థం కాదు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన వారం అది. నీళ్లు తీశాక సెల్లార్లో మోకాలి ఎత్తున ఒండ్రు. సెప్టెంబర్ 10న మా కారు క్రేన్ బండి ఎక్కింది.

సర్వీస్ సెంటర్ యార్డ్ చూస్తే నాకే జాలేసింది. ఒకటా రెండా, బురద పూసిన కార్లు గేటు బయట హైవే సర్వీస్ రోడ్డు దాకా వరస కట్టి ఉన్నాయి. ఆ నెలలో ఆలస్యమైందని నేను వాళ్లని ఒక్క మాట అనను. ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్లు చాలక, స్పేర్లు దొరక్క, వాళ్లూ మనుషులే కదా. కొందరు మెకానిక్‌ల ఇళ్లు కూడా మునిగాయి. వాళ్లు డ్యూటీకి వచ్చారంటే అదే గొప్ప.

నా బండి ఐడీవీ, అంటే పాలసీలో రాసిన బండి విలువ, 4 లక్షల 44 వేలు. రిపేరు ఖర్చు అందులో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద పోతుంది, రిపేరు చేయకుండా బండి విలువే ఇచ్చేస్తారు. అంటే 3 లక్షల 33 వేలు దాటాలి. ఎస్టిమేట్ 3 లక్షల 6 వేలు వచ్చింది. అటూ కాక ఇటూ కాక మధ్యలో పడ్డాను, రిపేరే అన్నారు. జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత పెట్టని కవరేజీ), ఇంజిన్ ప్రొటెక్షన్ రెండూ ఉండబట్టి ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టింది. నా వంతు కంపల్సరీ డిడక్టబుల్ 1,000, ఆయిళ్లు, గ్రీజులు, నట్లు బోల్టుల కింద 7,300, "ఇంటీరియర్ డీప్ క్లీనింగ్" 4,800. మొత్తం 13,100. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, అది కూడా అక్కడితో సున్నా, అదీ లెక్కలో వేసుకోవాలి.

నవంబర్ 20న ఇచ్చారు. బండి బయటికి మెరిసిపోతోంది. డాష్‌బోర్డ్ మీద ఏదో నిమ్మకాయ వాసన సెంటు కొట్టారు. పదికి పది అడిగారు. ఇచ్చాను కూడా, నిజం చెప్తున్నా, ఆ రోజు నాకు బండి తిరిగొచ్చిందన్న సంతోషమే ఉంది.

సెంటు పది రోజులకి పోయింది. అప్పుడు బయటపడింది కింద ఉన్న వాసన. ఏసీ వేస్తే ఫర్వాలేదు, ఎండలో గంటసేపు పెట్టి డోర్ తీస్తే మాత్రం చెరువు ఎండిన వాసన, కుళ్లిన గడ్డి వాసన. మా అమ్మాయి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని ఎక్కేది. డిసెంబర్‌లో బండి తీసుకెళ్లాను. "డ్రైవర్ పక్క సీటు కింద నుంచి బురద వాసన, కార్పెట్ తడి" అని కార్డులో రాయించాను. సాయంత్రం తిరిగిచ్చారు, మళ్లీ నిమ్మకాయ.

ఆ ఆదివారం నేనే కూర్చున్నాను. కింద పార్కింగ్‌లో, లుంగీ కట్టుకుని, ఒక స్క్రూడ్రైవర్, ఒక టార్చి. పక్క సీటుని పూర్తిగా వెనక్కి జరిపి, డోర్ గడప మీద ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కదా, అది క్లిప్పులతో ఉంటుంది, మెల్లిగా పైకి లాగితే ఊడొచ్చింది. దాని కింద కార్పెట్ అంచు. పైన కార్పెట్ పొడిగానే ఉంది, శుభ్రంగా షాంపూ చేశారు. అంచు పట్టుకుని లేపితే కింద దూది లాంటి మందపాటి మెత్త ఉంటుంది, చప్పుడు రాకుండా వేసేది. దాన్ని వేళ్లతో నొక్కితే గోధుమ రంగు నీళ్లు ఊరాయి. మూడు నెలల తర్వాత! మెత్త కింద రేకు మీద అర అంగుళం మందాన ఒండ్రు, పైపొర ఎండి పెంకుల్లా పగిలింది, కింద ఇంకా జిగురుగా ఉంది. అందులో ఒక చిన్న నత్త గుల్ల. మా అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని "నాన్నా, మన కార్లో ఇది ఎప్పట్నుంచి ఉంది" అంది. 4,800 రూపాయల డీప్ క్లీనింగ్‌లో మిగిలిన నత్త అది. ఇంట్లో ఇప్పటికీ ఉంది.

వీడియో తీశాను. ఆ వీడియో తీస్తుండగానే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. కిందటి వారం నుంచి అప్పుడప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరుతోంది. ఆ లైటు వెలిగి ఉంటే గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు. నా ఇన్వాయిస్ తీసి చూశాను. "ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్, 1" అని ఉంది, మార్చినట్టు, ఇన్సూరెన్స్ డబ్బులు కట్టినట్టు. ఆ డబ్బా గేర్ దగ్గర మధ్య కన్సోల్ కింద, నేలకి ఆనుకుని ఉంటుంది. అంటే బురద ఉన్న ఎత్తులోనే.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, అందరూ బాబాయ్ అంటారు, నేనూ అంతే. స్కానర్ పెట్టి కోడ్‌లు చూశాడు, బ్యాటరీ వైరు తీశాడు, పది నిమిషాలు టీ తాగి వచ్చి అప్పుడు కన్సోల్ విప్పాడు. ఆ ఆగడం ఊరికే కాదు, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది, ఇంట్లో మీరు మాత్రం వేలు పెట్టొద్దు. మాడ్యూల్ పిన్నుల మీద పచ్చగా చిలుము. స్టిక్కర్ మీద తయారీ తేదీ 2020. బాబాయ్ కళ్లజోడు పైకి జరిపి "ఇది కొత్తది అన్నారా? కంపెనీలోంచి బండితోపాటు వచ్చిందేరా ఇది" అన్నాడు. అన్నీ ఫొటోలు తీయించి, ఎలా ఉన్నది అలాగే బిగించేశాడు. "ఏమీ ముట్టుకోవద్దు, వాళ్లకే చూపించు" అన్నాడు. రెండొందలు ఇస్తే తీసుకోలేదు.

సర్వీస్ మేనేజర్‌కి ఫొటోలు చూపించాను. నీళ్లు నమిలాడు. వరద రష్‌లో పొరపాటు జరిగుండొచ్చు, చెక్ చేయిస్తా, బండి పెట్టి వెళ్లండి అన్నాడు. మర్చిపోయారో, కావాలనే వదిలేశారో నాకు ఇప్పటికీ తెలీదు. కానీ బండి పెట్టి వెళ్లడం అంటే నా సాక్ష్యం వాళ్ల చేతిలో పెట్టడమే కదా. పెట్టలేదు.

ఇంటికొచ్చి మెయిల్ రాశాను. కారు తయారుచేసిన కంపెనీ కస్టమర్ కేర్‌కి. కోపం, తిట్లు ఏమీ లేకుండా ఛాసిస్ నంబర్, ఆరు జాబ్ కార్డుల నంబర్లు తేదీలతో, ఇన్వాయిస్‌లో ఆ లైను ఎర్ర గీత గీసి, స్టిక్కర్ ఫొటో, నత్త ఫొటో. ఐదు రోజులు ఉలుకూ పలుకూ లేదు, "మీ అభిప్రాయం మాకు విలువైనది" అన్న ఆటోమేటిక్ జవాబు తప్ప. ఆరో రోజు అదే మెయిల్‌ని మళ్లీ పంపుతూ కాపీలో ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ విభాగాన్ని, సర్వేయర్‌ని కలిపాను. ఒక్క వాక్యం అదనం: "మీరు డబ్బు చెల్లించిన భాగం మార్చలేదని అనిపిస్తోంది, దయచేసి పరిశీలించగలరు." పొద్దున పదకొండింటికి పంపితే ఒంటిగంటకి షోరూం జనరల్ మేనేజర్ ఫోన్. నాలుగేళ్లలో ఆయన గొంతు వినడం అదే మొదటిసారి. నాకు అన్యాయం జరిగితే ఐదు రోజులు, ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు అనేసరికి రెండు గంటలు!

దాంతోపాటు 1915కి కూడా ఫోన్ చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడారు, డాకెట్ నంబర్ ఇచ్చారు. అది కోర్టు కాదు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతవరకే. అది కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి, అది గుర్తుపెట్టుకోండి. నాకు అంతదాకా అవసరం రాలేదు, కానీ ఫైలు సిద్ధం చేసుకుని ఉంచాను, వాళ్లకి ఆ సంగతి తెలిసేలా కూడా ఉంచాను.

కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చాడు. ఆయన ముందే సీట్లన్నీ పీకి కార్పెట్ లేపారు. ఎవరూ ఏం మాట్లాడలేదు. తొమ్మిది రోజుల్లో మాడ్యూల్ కొత్తది, కార్పెట్, కింద మెత్త మొత్తం కొత్తవి, సీటు బెల్టుల బకిల్స్ కొత్తవి, 4,800 వాపసు. ఈసారి మాడ్యూల్ స్టిక్కర్ బిగించకముందే నాకు చూపించారు, నేను అడక్కుండానే. ఆ పని చేసింది లింక్ రాడ్ విప్పిన కుర్రాడే. సీనియర్ అయ్యాడు, మీసం పెంచాడు. పని మాత్రం అద్భుతంగా చేశాడు, ఇప్పుడు ఏ వాసనా లేదు, ఏ లైటూ లేదు.

ఇప్పుడు నేను ఎక్కడికెళ్తున్నానంటే మామూలు సర్వీసు ఆటోనగర్‌లో, ఆయిల్, ఫిల్టర్ డబ్బాలు నేనే కొని తీసుకెళ్తా. స్కానర్ పనులు, ఎయిర్‌బ్యాగ్, సాఫ్ట్‌వేర్ లాంటివైతే షోరూంకే. వారంటీలో ఉన్నంతకాలం మాత్రం అందరూ అక్కడికే వెళ్లండి, ఎంత చిరాకైనా. మొన్న 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా, ఆ వారంలో వాళ్ల సేల్స్ నుంచి నాకు నాలుగు ఫోన్లు, ఎక్స్‌ఛేంజ్ చేస్తారా సార్, మీ బండికి మంచి రేటు ఇస్తాం సార్ అని. వరద బండికి మంచి రేటెలా ఇస్తావయ్యా అంటే "అవునా సార్, మా రికార్డ్‌లో అలా లేదే" అన్నాడు. వాళ్ల రికార్డ్ వాళ్లకే తెలియాలి.

ఆ మాడ్యూల్ మార్చిన మర్నాడు మామూలుగానే పదికి పది అడిగారు, కాస్త భయంభయంగా. తర్వాతి రోజు కంపెనీ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది, పాపం మర్యాదగా మాట్లాడింది, పదికి ఎంత ఇస్తారు సార్ అంది. ఆరు అన్నాను. కారణం చెప్తారా అంది. చెప్పాను. హ్యాండ్లింగ్ చార్జీల నుంచి నత్త దాకా, పదకొండు నిమిషాలు, మధ్యలో ఆపకుండా విన్నది. అంతా అయ్యాక, ఇదంతా రాసుకున్నారా అమ్మా అని అడిగాను.

"లేదు సార్, ఆరు నొక్కితే నాకు కారణాల లిస్టు వస్తుంది. మీది దేంట్లోకీ రావట్లేదు. 'ఇతరములు' పెట్టేదా సార్?"